నీళ్లలో కరగని సబ్బు

పోతమ్మ చేసింది ఏ తల్లయినా చేసే పనే. కూతురు సాయిదుర్గ యూనివర్సిటీ ల్యాబు నుంచి తెచ్చి కిటికీలో పెట్టిన గాజుపలక మీద పసుపుపచ్చగా ఏదో అట్టకట్టి ఉంది. ఉద్యోగం కోసం రుషికొండ కంపెనీవాళ్ల దగ్గరికి మురికిపలక పట్టుకెళ్తే ఏం బాగుంటుంది? కూతురు స్నానం ముగించుకుని వచ్చేలోపు బేసిన్‌లో నానబెట్టి, వేళ్లతో మెల్లగా రుద్దింది. అట్ట ఊడిపోయింది. పలక తళతళలాడింది.

సాయిదుర్గ తల తుడుచుకుంటూ వచ్చి, పలకను చూసి కూలబడిపోయింది.

"ఏటి సేసేసినావమ్మా?"

"మురికిగుంటే కడిగినాను. ఏటే?"

"మురికి కాదమ్మా, అదే నా సబ్బు!"

 ఆ సబ్బు గురించి పోతమ్మకు తెలుసు. చేపలు కోస్తుంటే పక్కన కూర్చుని కూతురు చెప్పేది. అయస్కాంతం మాట వినే సబ్బు. నీళ్లలో చిక్కగా కలిపి అయస్కాంతం దగ్గర పెడితే లోపలి అణువులన్నీ ఒకే దిక్కుకు వరుసకడతాయట. టీవీ తెరలో ఉండే లిక్విడ్ క్రిస్టల్ లాంటిదట. ఆ వరుస చెదరకముందే వెలుతురు పట్టించి గట్టిపరిస్తే పల్చటి పాలిమర్ పొర అవుతుందట. ఇవాళ ఆ పొరను చూసే ఉద్యోగం సంగతి తేలుస్తారు. పొరంటే కాగితంలా విడిగా, ఏ సంచిలోనో ఉంటుందనుకుంది పోతమ్మ. పలక ఎంగిలి గిన్నెలాంటిదే అనుకుంది.

"సబ్బయితే కరిగిపోయుంటాది కదే," అంది ఏడుపు గొంతుతో.

బయట ఆటో హారన్ మోగింది. మేనల్లుడు అప్పలరాజు కేకేశాడు. "అత్తా! మరదల్ని పంపుతావా, రుషికొండకి నానొక్కణ్నే పోయి ఉజ్జోగం తెచ్చుకోనా?"

"నోర్ముయ్‌రా!" అంటూ పోతమ్మ బేసిన్ ఎత్తింది.

"పారబొయ్యకే అమ్మా!"

నీళ్లలో రొయ్యపొట్టులాంటిదేదో తేలుతోంది. సాయిదుర్గ గుడ్డలో చుట్టిన పెద్ద అయస్కాంతం తీసి బేసిన్ అంచుకు ఆనించింది. ఆ పొర మెల్లగా తిరిగి, ఈదుకుంటూ అటే వచ్చింది.

"కరగలేదమ్మా! గట్టిపడింది. నీళ్లలో ముంచి సూడ్డానికి నాకే దైర్యం సాల్లేదు."

పొరను తీసి, వెలుతురును ఒకే దిక్కుకు పోనిచ్చే రెండు నల్లటి పలకల మధ్య పెట్టి వెలుతురుకు ఎత్తింది. నీలం, పసుపు రంగులు మెరిశాయి. ఒక మూల చిరిగింది, అంతే. ఆ రంగులున్నాయంటే లోపలి వరుస చెదరనట్టే. పోతమ్మ గోడకు చేరబడి ఊపిరి పీల్చుకుంది. 

మధ్యాహ్నం చేపల గంప దగ్గరుండగా ఫోనొచ్చింది.

"నీళ్లు తగిల్తే ఏటవుద్దని అడిగినారమ్మా. మాయమ్మ కడిగేసి సూసిందని సెప్పినాను. ఒకటే నవ్వు. సోమవారం నించి రమ్మన్నారు."

పోతమ్మ కళ్లు చెంగుతో తుడుచుకుంది. పక్కనున్నవాళ్లు చూడకుండా గొంతు సవరించుకుంది.

"సర్లే. ఆ గాజుపలక అక్కడే మర్సిపోకు. సుబ్బరంగా తోమినాను."