నాలుగడుగుల గోడ

మా మామయ్య ఊళ్ళ పటాలు గీసేవాడు. కొలతలో అంగుళం తేడా వస్తే ఆయనకి ఆ పూట అన్నం సహించదు. ఎవరూ కొలవని ఊరొకటి కొండల వెనక ఉందని విని, కొలత గొలుసులూ కొయ్యలూ మోసుకుని ఇద్దరం పదిరోజులు నడిచి వెళ్ళాం.

ఆ ఊళ్ళో ఆడది వీధిలో అడుగు పెట్టాలంటే ఊరిపెద్ద అనుమతి కావాలి, పక్కన ఇంటి మగాడుండాలి. కాన్పులు చేసే మంత్రసానికైనా అంతే. ఆడవాళ్ళు పక్కింటివాళ్ళతో మాట కలపకుండా ఇంటికీ ఇంటికీ మధ్య నాలుగడుగుల మందాన గోడలు కట్టారట. నాకు ఒళ్ళు మండిపోయింది. మామయ్య బతిమాలితే, ఆయన వీధులూ, ఆడపిల్లని కాబట్టి నేను ఇళ్ళ లోపలా కొలిచేలా ఒప్పుకున్నారు.

ఆ ఆడవాళ్ళని చూసి పాపం అనుకున్నాను. నా జాలి మూడోరోజు దాకా నిలిచింది.

గోడ గట్టిదో గుల్లదో తట్టి చూసి రాయాలని మామయ్య నియమం. ఒకింట్లో బీరువా పక్కన తట్టాను. డొల్లగా మోగింది. బీరువా కదిలింది. గోడలోంచి దీపం పట్టుకుని మంత్రసాని బయటికొచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మాత్రం తడుముకోలేదు.

"పక్కకి జరుగమ్మా, ఈ పెరటిగదిలో పిల్లకి నొప్పులొస్తున్నాయి."

కాన్పయ్యాక చేతులు కడుక్కుని నన్ను లోపలికి తీసుకెళ్ళింది. గోడలో మనిషి పట్టేంత దారి, ఊరు ఈ చివర్నుంచి ఆ చివరి దాకా. అమ్మమ్మల కాలంలో మొదలుపెట్టి, అట్లకాడలతో, రోకళ్ళతో తొలిచారట. రాలిన మట్టితోనే పొయ్యిలు వేసుకున్నారట. గోడలకి చెవులుంటాయంటారు, ఇక్కడ గోడలకి కాళ్ళే వచ్చాయి. గొలుసు పట్టుకుని తిరుగుతూ నన్ను నేను గొప్ప సాహసిననుకున్నందుకు సిగ్గేసింది. దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను.

"పటంలో గీస్తావా?" అని అడిగింది.

నేను చేతిలోని కాగితం వైపు చూసుకున్నాను.

"గీస్తే పూడ్చేస్తారు. అనుమతి వచ్చేదాకా బిడ్డ ఆగదు కదా, తల్లీ."

నేను గట్టిగోడ అని రాసుకున్నాను. మామయ్యకి చెప్పలేదు.

చివరిరోజు ఊరిపెద్ద ఇంట్లో పటం పరిచాం. నాలుగడుగుల గోడలు చూసుకుని ఆయన పొంగిపోయాడు, తన ముత్తాత కట్టించినవట. మామయ్య మాత్రం నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. కన్నకూతురు చెప్పినా తట్టి చూడకుండా నమ్మే మనిషి కాదాయన. లేచి వెళ్ళి వేలి కణుపుతో గోడ మీద రెండుసార్లు తట్టాడు.

డొల్లగా మోగింది. లోపల ఎవరివో అడుగులు టక్కున ఆగాయి. నలభై ఏళ్ళుగా గోడలు తట్టి విన్న చెవి అది, వినకుండా ఎలా ఉంటుంది?

"ఎలా ఉంది మా గోడ?" అన్నాడు ఊరిపెద్ద.

మామయ్య గోడ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇంత గట్టి గోడ నేనెక్కడా చూడలేదండీ."

వచ్చి కూర్చుని, కుంచె సిరాలో ముంచి, గట్టిగోడ గుర్తుగా గోడలన్నీ తనే నల్లగా నింపాడు. కింద సంతకం పెట్టాడు.

అంగుళం తేడాకే ముద్ద దిగని మనిషి, ఆ పూట మారు వడ్డించుకుని తిన్నాడు.