ఒక్క పొయ్యి ఇల్లు

సమగ్ర కుటుంబ సర్వే నాడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: పెద్దవ్వ నర్సింగమ్మ, నడిపవ్వ మల్లమ్మ, చిన్నవ్వ అండాలు, నాయిన దివాకర్, అమ్మ రోజారమణి, ఇంకా పెళ్లి కాని చిన్నాయిన సతీశ్, తొమ్మిదో తరగతి చదివే ప్రవళిక. గోడ మీద ఫోటోలో తాత కాటమయ్య కూడా ఉన్నాడు గానీ, పోయినవాళ్లను రాసుకోరని చిన్నాయిన ముందే చెప్పాడు.

ముగ్గురవ్వలూ తాత భార్యలే. నారాయణపేటలో మగ్గం నేసే రోజుల్లో కాటమయ్య ఒక మఠంలో శిష్యుడు. ఒకరికి ఒక్క భార్యే ఉండాలని సర్కారు చట్టం తెచ్చాక, మఠం గురువు కూడా సరేనన్నాడట. కాటమయ్య ఒప్పుకోలేదు. "నిన్నటిదాంక ధర్మమన్నది ఇయ్యాల తప్పెట్లయితది?" అని, ఏడు కుటుంబాలను వెంటబెట్టుకుని మక్తల్ దగ్గరి ఈ రాళ్ల నేలకు వచ్చేశాడు. అందుకు ఆరు నెలలు జైల్లో కూడా ఉండి వచ్చాడు. ఆయన పెట్టిన కట్టుబాట్లలో ఇప్పటికి మిగిలింది ఒక్కటే: ఇంటికి ఒకటే పొయ్యి, పిల్లలకు అందరూ తల్లులే. ఏ బిడ్డను ఎవరు కన్నారో నోరు జారి కూడా చెప్పకూడదు.

ప్రవళికకు కావాల్సింది సరిగ్గా అదే. నాయినను కన్నది ఎవరు? అద్దంలో తన ముక్కు చూసుకుని, ముగ్గురవ్వల ముక్కులతో పోల్చుకునేది. ఏమీ తేలేది కాదు. అడిగే ధైర్యం లేదు. రోజూ తనకు జడ వేసే చిన్నవ్వే అయితే బాగుండునని లోలోపల ఆశ.

వారం నుంచీ చిన్నాయిన ఒకటే పోరు. "ఒక్క పొయ్యి అంటే ఒకటే రేషన్ కార్డు. రెండు రాయిస్తే రెండొస్తయ్. ఎవరి తల్లిని వాళ్లు రాయించుకుందాం." ఆ మాట విన్నప్పటి నుంచి ప్రవళిక సర్వే సారు కోసం పండగలా ఎదురుచూసింది.

సారు వచ్చి, లోపల మంచం మీద కూర్చుని, కాగితాలు తీశాడు. ప్రవళిక గడప దగ్గర నిలబడింది.

"ఇంటి పెద్ద దివాకర్. సరే, గీమె నీకేమైతది?"

"అమ్మ."

"గామె?"

"అమ్మ."

"మరి గీమె?"

"అమ్మనే సార్."

సారు పెన్ను ఆపాడు. "ముగ్గురమ్మలని రాస్తే నా నౌకరి పోతది. కన్నతల్లెవరో చెప్పు."

"నువ్వు పంతులువా, మంత్రసానివా?" అంది మల్లమ్మ. సారుతో సహా అందరూ నవ్వారు.

చిన్నాయిన ముందుకొచ్చాడు. "రెండు పొయ్యిలు రాయుర్రి సార్. అన్నది ఒకటి, నాది ఒకటి."

"మంచిది. నీ దిక్కు ఏ తల్లి?"

చిన్నాయిన అన్న వైపు తిరిగాడు. "నీకెరుక గదనే?"

"నాకేమెరుక? నీకే ఎరుకనుకున్న!"

ప్రవళిక నివ్వెరపోయింది. తెలియనిది తనొక్కదానికే అనుకుంది ఇన్నాళ్లూ.

"అవ్వా, మీరే చెప్పుర్రి," అన్నాడు సారు. ముగ్గురూ గోడ మీది ఫోటో వైపు చూశారు. ఆయన వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "కొడుకులు ఇద్దరు, తల్లులు ముగ్గురు. అంటే ఒకామెకు..." అని టక్కున ఆగిపోయాడు.

నర్సింగమ్మ కొంగు సర్దుకుంది. మల్లమ్మ ఈసారి జోకు వేయలేదు. అండాలు మెల్లగా లేచి గడప దగ్గరకు వచ్చింది.

ప్రవళిక పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురిలో నోరు విప్పింది. "చిన్నవ్వా, నాయినను కన్నది నువ్వే గదా?"

అండాలు ఆమె బుగ్గ నిమిరింది. భుజం మీద చెయ్యి వేసి, ఒక్క అడుగు వెనక్కి జరిపింది.

"జర బయట ఉండు బిడ్డా, గిది పిల్లలు వినే ముచ్చట గాదు," అంది. లోపలికి వెళ్లి తలుపు మూసి, గడియ పెట్టింది.