గడప దాటించిన మాట

ఆషాఢమంతా పుట్టింట్లో దాక్షాయణికి కాలు నిలవలేదు. రాయల్పాడులో నాన్న కిరాణా అంగడి వెనక వేళ్లు మడుస్తూ, విప్పుతూ, గురువులూ లఘువులూ లెక్కపెట్టుకుంటూ తిరిగింది.

శ్రావణంలో కొత్తకోడలు తిరిగొచ్చేటప్పుడు ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడి మొగుడి పేరు అడుగుతారు. పేరు ఒట్టిగా చెబితే ఒప్పుకోరు, పదం కట్టి చెప్పాలి. అందరూ వెండిగిన్నె, వెన్నముద్ద అంటూ పాత పదాలే అప్పజెబుతారు. దాక్షాయణి బి.ఏ.లో తెలుగు చదివింది. తేటగీతి చెప్పాలనుకుంది.

చిక్కంతా పేరుతోనే. అశ్వత్థనారాయణ. తలుచుకుంటేనే చక్కిలిగింతలు పెట్టే ఆ పేరు గణాల్లో ఒదిగితే యతికి లొంగదు, యతి కుదిరితే గణం తప్పుతుంది. చివరికి పేరు వదిలేసి దాని అర్థం పట్టుకుంది. అశ్వత్థమంటే రావిచెట్టు కదా! పద్యం గాజుపలకలా నున్నగా తయారైంది.

అత్తగారి ఊరు బంగారుపేటలో బస్సు దిగేసరికి పొద్దు వాలింది. కోలారు బంగారు గనులు సర్కారువయ్యాక అక్కడి రాబర్ట్‌సన్‌పేటలో పెట్టిన బట్టల అంగడి నుంచి మొగుడు సాయంత్రం రైలుకు వస్తాడు. ఆలోపల ముఖం కడుక్కుని, జడ వేసుకుని, మల్లెలు పెట్టుకోవాలని ఆమె ఆరాటం.

గడపలో ఆడపడుచు భాగీరథి చేతులు చాచి నిలబడింది. వెనక పీట మీద అవ్వ విశాలమ్మ.

"పేరు చెప్పి లోపలికి రా వదినా."

దాక్షాయణి గొంతు సవరించుకుంది.

"రావిచెట్టున వెలసిన రసికమూర్తి..."

"రసికమూర్తా!" భాగీరథి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అవ్వా, నీ మనవడు రసికుడంట!"

అవ్వ నవ్వలేదు. "బాగుండాది తల్లీ. ఇంతకీ ఏ గుడి సామి? కురుడుమలె గణపయ్యా?"

"మీ మనవడే అవ్వా. అర్థంలో ఉన్నారు."

"అర్థం ఎవురికి కావాల? పేరు యాడ?"

దాక్షాయణి రెండో పాదం ఎత్తుకోబోయింది. అప్పుడే స్టేషన్ వైపు రైలు కూసింది.

"జరగండమ్మా!" అని అరిచేసింది. "రైలొచ్చేసింది, జడన్నా వేసుకోలేదు, అశ్వత్థనారాయణ వచ్చేస్తాడు!"

ఇల్లంతా ఘొల్లుమంది. అవ్వ కళ్లు తుడుచుకుంటూ, "అదమ్మా పదమంటే! వదలండే పిల్లని" అంది.

దాక్షాయణి గదిలోకి పరుగెత్తి తలుపు దగ్గరగా వేసుకుంది. దువ్వెన జుట్టులో చిక్కుకుంది. నెలంతా చెక్కిన పద్యం ఏమో గుడి సామి పాలైంది, నోరు జారిన మాటకేమో మెచ్చుకోళ్లు! ఏడవాలో నవ్వాలో తోచక గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది.

బయట భాగీరథి గొంతు, అవ్వ గొంతు ఒకదాని మీద ఒకటి. కాసేపటికి తలుపు తోసుకుని అతనే వచ్చాడు. చంకలో కొత్తబట్ట వాసన వేసే సంచి.

"ఏమో చెప్పినావంట. నాకూ చెప్పు."

"అది పద్యం కాదండీ."

"కాకపోతే పోనీ. ఊరంతా విన్నారు, నేనే వినలేదు."

ఆమె చెప్పబోయింది. అరిచిన మాటలన్నీ గుర్తున్నాయి. కానీ రైలు ఎప్పుడో వచ్చేసింది, గడపలో ఎవరూ లేరు, అతను ఎదురుగానే ఉన్నాడు. ఇప్పుడు చెబితే అది అప్పజెప్పడమే. ఇతనికి మాత్రం చప్పటిది ఎలా ఇవ్వడం? వేళ్లు వాటంతటవే మడుచుకున్నాయి.

"జడను వేసుకోలేదింక జరుగరమ్మ..."

ఆగిపోయింది. అరుపు ఎంత దగ్గరగా ఉంది తేటగీతికి! కొంచెం పక్కకు జరిపితే చాలు, గణాల్లో కూర్చుంది.

"ఇంగ?" అన్నాడతను.

"ఉండండి. పేరు రావాలి. యతికి ముందు నకారంతో ఒక మాట కావాలి."

"నన్ను అడిగితే నేనేం చెప్పేది? గజం ఎంతని అడుగు, చెబుతాను" అంటూ సగం అల్లిన జడనూ, గాల్లో ఆడుతున్న వేళ్లనూ చూసి పకపకా నవ్వాడు.

దాక్షాయణి తలెత్తి అతని ముఖం చూసింది. రాయల్పాడులో ఈ ముఖం లేదు మరి, మాట యాడ దొరుకుతుంది!

"నగుచు నశ్వత్థనారాయణయ్య వచ్చె!"

అతని నవ్వు ఆగిపోయింది. పెళ్లాం నోట తన పేరు అతను వినడం అదే మొదటిసారి. చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్లీ చెప్పు" అన్నాడు చిన్నగా.

"చెప్పను. ఇంకా రెండు పాదాలు కావాలి. కదలకండి, అట్లాగే నిలబడండి!"