ఎడమవైపు వెళ్ళని పాస్

ఇస్కో గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాక గానీ, డబ్బాలోని నీళ్ళు ఏదో పొలం మందు వాసన కొడుతున్నాయని నేను కనిపెట్టలేదు.

"ఎవరూ తాగకండి!" అని అరిచి డబ్బాను పక్కకు లాగేశాను.

"ఏమైంది కోచ్? పండగ కదా, నీళ్ళలో సారా కలిపారా?" అన్నాడు ఇస్కో. మూడు రోజులుగా జలుబుతో వాడి ముక్కు మూసుకుపోయి ఉంది. నవ్వబోయి ఆగిపోయాడు. నోటి చివర నుంచి చొంగ కారడం మొదలైంది.

శాన్ రోకె పండగ బాస్కెట్‌బాల్ ఫైనల్ ఇంకో గంటలో మొదలవ్వాలి. బయట బ్యాండు మోగుతోంది. పంది కాలుస్తున్న పొగ కోర్టు వెనకున్న మా రేకుల గదిలోకి కూడా వస్తోంది. అన్నదమ్ములు నార్దో, టీనో కలిసి ఇస్కోను మోటారు ట్రైసికిల్‌లో వేసుకుని ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తించారు. గదిలో నాతోపాటు దోనిస్, బెర్తో మిగిలారు.

పది నిమిషాలకు నర్సు మెర్లిండా ఫోన్ చేసింది.

"అన్నా, తాగింది గడ్డిమందా, పురుగుమందా? ఒకదానికిచ్చే సూది ఇంకోదానికి పనికిరాదు. పేరు కావాలి. కుర్రాడి ప్రాణం నిలిచేలా లేదు, తొందరగా!"

డబ్బాను పొద్దున మేమే పంపు దగ్గర నింపాం. గది తాళంచెవి నా మెడలోనే ఉంది. మా జట్టు తప్ప బయటివాడు ఒక్కడూ లోపలికి రాలేదు.

"ఎవర్రా కలిపింది? తర్వాత తిట్టుకుందాం, కొట్టుకుందాం. ముందు మందు పేరు చెప్పండి!"

బెర్తో దోనిస్ వైపు వేలెత్తి చూపించాడు. "వీణ్ణడగండి. ఈ సీజన్లో ఇస్కోకి ఒక్క బంతి ఇచ్చాడా? వాడు ఎడమ మూలన చేతులు చాపుకుని చర్చి ముందు ముష్టివాడిలా నిలబడేవాడు. ఈ దొరగారు మాత్రం కుడివైపుకే!"

"నోర్ముయ్‌రా," అన్నాడు దోనిస్.

బెర్తో అన్న మాట నేనూ దోనిస్‌ని అన్నదే. "బంతి నీ అబ్బ సొమ్మా? పాస్ ఇస్తేనే ఐదుగురూ ఆడినట్టు. దాచుకుంటే నువ్వొక్కడివే ఆడినట్టు," అని ఎన్నిసార్లు తిట్టానో.

మా జట్టుకు ఒకటే గ్లాసు. కిందటి ఆటలో ఎక్కువ పాస్‌లు ఇచ్చినవాడు మొదట తాగి పక్కవాడికి అందించాలి. అది నేను పెట్టిన నియమం. నాలుగేళ్ళుగా మొదటి గ్లాసు దోనిస్‌దే. సెమీఫైనల్లో మాత్రం వాడి పాస్‌లు ఐదే, ఇస్కోవే అందరికన్నా ఎక్కువ. అందుకే పొద్దున చర్చి మెట్ల మీద ఇస్కో చెవిలో చెప్పాను, ఇవాళ మొదటి గ్లాసు నీదేనని. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు.

అంటే ఆ విషం దోనిస్ కోసం పెట్టిందా?

నా తల నెమ్మదిగా బెర్తో వైపు తిరిగింది.

"నన్నెందుకలా చూస్తారు?" బెర్తో మొహం పాలిపోయింది. కాళ్ళ దగ్గరున్న బంతి అందుకుని, "చెప్పరా, దొంగ వెధవా!" అంటూ దోనిస్ మీదకి బలంగా విసిరాడు.

ఎడమవైపు నుంచి వచ్చిన బంతి దోనిస్ చెంప ఎముకకు తగిలి ఎగిరిపడింది. వాడు చెయ్యెత్తలేదు. తల తిప్పలేదు. దెబ్బ తగిలేదాకా రెప్ప కూడా వాల్చలేదు.

వీపు వెనక నుంచి విసిరినా బంతిని పట్టే చేతులవి.

నేను వాడి ఎడమ పక్కకు వెళ్ళి, కంటి దగ్గర మూడు వేళ్ళు ఆడించాను.

"ఎన్ని వేళ్ళురా?"

"ఏ వేళ్ళు, కోచ్?"

నా చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. తెర మీద మెర్లిండా పేరు. దోనిస్ దానివైపు చెయ్యి చాపాడు.

"నేనే, కోచ్. కలిపింది నేనే. మార్చిలో ఆటలో కంటికి ఎవడిదో మోచెయ్యి తగిలినప్పట్నుంచి ఎడం కన్ను మసకేసింది. ఇప్పుడు చీకటే. ఇస్కో మీద నాకేం కోపం? ఆ మూలన వాడు కనపడడు, అంతే. ఇవాళ సెబు నగరం కాలేజీ వాళ్ళు వాళ్ళ జట్టులోకి తీసుకుందామని నన్ను చూట్టానికొచ్చారు. రెండు నిమిషాల్లో పట్టేస్తారు. జ్వరమని పడుకుంటే మంచంతో సహా మోసుకొచ్చేవాళ్ళు మీరు. అందుకే ఆట ఆగాలనుకున్నా. మొదటి గ్లాసు నాదే కదా, మూతి దాకా తెచ్చి, వాసనొస్తోందని అరిచి పారబోద్దామనుకున్నా. ఎవరూ తాగేవాళ్ళు కాదు. ఇస్కో నా ఎడం పక్కనే నిలబడి తాగాడు, నాకు తెలీలేదు. మీరు అరిచాక తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది, నోరు పెగల్లేదు. అది పురుగుమందే, గడ్డిమందు కాదు. మా నాన్న వరికి కొట్టేది. సీసా పంపు వెనకాల అరటి దుబ్బులో ఉంది, దాని మీద పేరుంది. బెర్తో, పరిగెత్తరా! కోచ్, ఫోనిటివ్వండి. నర్సుకి నేనే చెప్తా."