అవ్వని పెద్దమనిషికి ఫంక్షనా?

నాకు పదిహేడేళ్లు. ఇంకా పెద్దమనిషిని కాలేదు. ఈ ముక్క చెప్పడానికి నాకేం సిగ్గు లేదు, సిగ్గంతా మా మేనత్త నవనీతకే. చుట్టాల నోళ్లు మూయించాలని, నేను పెద్దమనిషినయ్యానని అబద్ధమాడి, కొండాపూర్‌లో హాలు మాట్లాడేసింది. నా ఫొటోతో ఫ్లెక్సీ కూడా కొట్టించింది. ఐటీ కంపెనీకి క్యాబ్ తోలే బాపు, అక్క మాటకు తలూపాడు. అమ్మ ఏడ్చి ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? అప్పటికే దవాఖానలో సంగతంతా తేలింది. డాక్టరమ్మ అవీ ఇవీ అడిగి, ఉన్నట్టుండి నీకు వాసనలు తెలుస్తాయా అంది. మల్లెపూలైనా మాడిన కూరైనా నాకు ఒకటే. అమ్మ కడుపులో ఉన్నప్పుడే, ఈడు తెచ్చే కణాలు ముక్కు దగ్గర పుట్టి మెదడుకు చేరాలట. ఒక జన్యువులో తేడా వల్ల నావి దారిలోనే ఆగిపోయాయట, వాసన తెలిపే నరాలూ అంతేనట. ఆ జన్యువు బాపు నుంచే వచ్చిందని రక్తపరీక్షలో తేలింది. ఒకే ఇంట్లో ఒకరిని పట్టి ఇంకొకరిని వదిలేస్తుందట. మందులు వాడితే ఈడు వస్తుంది, వాసన మాత్రం రాదంది. అత్తేమో మందుల మాటే ఎత్తొద్దంది, పరువు పోతుందట.

ఫంక్షన్ రోజు పట్టుచీర కట్టి కూర్చోబెట్టారు. అత్త నా మెడలో దండ వేస్తూ, ఎంత కమ్మటి వాసనో చూడమంది. ఇక నావల్ల కాలేదు. దండ తీసి ఆమె చేతిలో పెట్టి లేచాను.

“నేను పెద్దమనిషిని కాలే. నాకు ఏ వాసనా రాదు. జన్యువుల తేడా ఉంది, గంతే. మందులేసుకుంట, అయిత. గీ అబద్ధం మాత్రం నాకొద్దు.”

అత్త నా చెయ్యి గిల్లింది. నేను కూర్చోలేదు.

మగవాళ్ల వైపు నుంచి యాదయ్య చిన్నాయన లేచాడు. బాపు తమ్ముడు, హైటెక్ సిటీలో సెక్యూరిటీ గార్డు. నలభై దాటినా మీసం రాలేదు, పెళ్లి కాలేదు. చుట్టాలు ఆయన్ని ఏమని పిలుస్తారో నా నోటితో చెప్పను. ఎవరేమన్నా తల దించుకుని పోయే మనిషి.

“నాకు సుత వాసన రాదు బిడ్డా. ఏ దవాఖాన? నేను సుత వస్త,” అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నాయన అటు తిరిగాడు.

“నవ్వుండ్రి. గీ పిల్ల పదిహేడేండ్లకే తెలుసుకున్నది. ఇరవై ఏండ్లు నన్ను జూసి నవ్విండ్రు గని, దవాఖానకు పోదాం పా అన్నోడు ఒక్కడు లేడు.”