ఏడో కేంద్రంలో కునుకు

తొంభై పేజీల రిపోర్టు ఎవరూ చదవరు. చదివామని చెప్పేవాళ్ళు అబద్ధాలాడతారు. అందుకే నేను బొమ్మలు వేస్తాను. ఏ పథకం పనిచేసింది, ఏది పడకేసింది అని లెక్క తీసి, ఆ లెక్కని గ్రాఫుగా, గ్రాఫుని కార్టూనుగా మార్చి గోడకి తగిలించడం నా వృత్తి. పదేళ్ళుగా నా బొమ్మ చూసి నవ్వని మనిషి లేడు. ఆ పొగరే కొంప ముంచింది. నా కొంప మునిగినా బాగుండేది, మునిగింది మా వదిన ఉద్యోగం.

వదినంటే మా అన్నయ్య భార్య. బడిలో వెనకబడ్డ పిల్లలకి చదవడం నేర్పే సంస్థ ఒకటుంది. వాళ్ళు నడిపే పన్నెండు సాయంకాలపు కేంద్రాల్లో ఏడోది ఆమెది. మా ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒకసారి ఇంట్లో పదిమంది చుట్టాల ముందు, "నీకేంలే, బొమ్మలేసుకుని బతికేస్తున్నావు. పిల్లల ముందు నిలబడితే తెలుస్తుంది" అంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, నాకా సగం హోదా కూడా దక్కనివ్వలేదు మహాతల్లి. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోవాలని అనుకోను కూడా లేదు.

ఆ ఏడాది పన్నెండు కేంద్రాల లెక్క నా బల్ల మీదికొచ్చింది. పదకొండు చోట్ల నూటికి తొంభైమందికి తక్కువ కాకుండా చదవగలుగుతున్నారు. ఏడో కేంద్రంలో ముప్ఫై ఒక్కరు. నిజం చెప్తున్నాను, ఆ అంకె చూడగానే నాకు సంతోషం వేసింది. ఇంకెవరి కేంద్రమైనా అయితే ఫోన్ చేసి ఏమైందని అడిగేదాన్ని. అలా అడగడమే కదా నా పని! అడగలేదు. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, అంకె వచ్చింది, బొమ్మ వేసేశాను.

గ్రాఫులో పట్టీలకి బదులు పన్నెండుమంది టీచరమ్మల్ని పెట్టాను. శాతాన్ని బట్టి ఎత్తు. పదకొండుమంది పుస్తకాలు పైకెత్తి నిటారుగా నిలబడ్డారు. ఏడో ఆవిడ వాళ్ళ మోకాళ్ళ దగ్గర కుర్చీలో కూలబడి కునుకు తీస్తోంది. పేరు రాయలేదు. కానీ చెయ్యి ఊరుకోదుగా: మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, పక్కకి జారిన ముడి, తెరిచిన నోరు. సంస్థ డైరెక్టర్ గారు చూసి, "అబ్బబ్బ, ఏం వేశారండీ! ఇంక రిపోర్టెందుకు?" అని గోడంత సైజులో ప్రింటు తీయించారు.

పన్నెండు కేంద్రాల టీచర్ల సమావేశం రోజు హాల్లో అడుగుపెట్టినవాళ్ళు పెట్టినట్టే పడీ పడీ నవ్వారు. వదిన రెండో వరసలో కూర్చుని ఉంది, మెడలో ఆ కళ్ళజోడుతోనే. వెనక నుంచి ఎవరో ఆమెని, గోడని, మళ్ళీ ఆమెని చూసి, "నిద్రమ్మ గారూ, తెల్లారింది లేవండి!" అన్నారు. డైరెక్టర్ నవ్వాపుకుని, ఏడో కేంద్రానికి ఒకటో తారీఖు నుంచి కొత్త టీచరు వస్తారని ప్రకటించారు.

వదిన లేచి నిలబడింది. "ఒక్క మాట అడుగుతాను. మీరంతా పిల్లలచేత ఏ పేజీ చదివించారు?"

"పాఠం చెప్పిన పేజీయే. చెప్పనిది ఎలా చదువుతారండీ?" అంది మూడో కేంద్రం టీచరు.

"చెప్పింది అప్పజెప్తారు. చదవడం వచ్చిందో లేదో తెలియాలంటే ఎన్నడూ చూడని పేజీ ఇవ్వాలి. నేనదే ఇచ్చాను. నూటికి ముప్ఫై ఒక్కరు చదివారు."

"సాకులు చెప్పకండమ్మా" అన్నారు డైరెక్టర్. "ఫారంలో అలా ఇమ్మని ఉందా?"

"ఏ పేజీ ఇవ్వాలో ఫారంలో లేనేలేదు. రాసినవాళ్ళని అడగండి." వదిన నా వైపు తిరిగింది.

ఫారం రాసింది నేనే. 'ఒక పేజీ చదవగలరా? అవును, కాదు.' అంతే. ఏ పేజీయో రాయాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. హాలంతా నన్నే చూస్తోంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వదిన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం పిల్లల పాఠాల పుస్తకం పట్టుకుని మూడో, ఐదో, పదో కేంద్రాలు తిరిగాను. పాఠం చెప్పిన పేజీ తీయగానే పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. ఒకమ్మాయి పుస్తకం వంకైనా చూడలేదు, కిటికీలోకి చూస్తూ చదివేసింది! కొత్త పేజీ తిప్పితే నోళ్ళు మూతపడ్డాయి. నూటికి పన్నెండు, తొమ్మిది, పద్నాలుగు. అట్టడుగున ఉందని నేను కునుకు తీయించిన కేంద్రం, నేను చూసిన వాటన్నిటికంటే పైన ఉంది. నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపించింది.

కొత్త బొమ్మ వేసుకుని డైరెక్టర్ గదికి పరుగెత్తాను. ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు.

"ఇప్పుడు మిగతావాళ్ళందర్నీ పొట్టివాళ్ళని చేస్తారా? నిధులిచ్చేవాళ్ళకి మొదటిది పంపించేశాం. వాళ్ళకి తెగ నచ్చింది."

"కానీ అది తప్పండీ!"

"తప్పైతే మీదే. ఫారం మీది, బొమ్మ మీది. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి."

ఒళ్ళు మండిపోయింది. అయినా ఆయన మాటలో అబద్ధం ఎక్కడుంది? నిధులిచ్చేవాళ్ళకే నేరుగా ఉత్తరం రాశాను. అందింది, పరిశీలిస్తాం అని రెండు ముక్కలు వచ్చాయి. ఒకటో తారీఖు కూడా వచ్చేసింది.

అప్పుడు అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది వదినే. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి మూడు కేంద్రాల లెక్కతో సహా అంతా చెప్పాను.

"తప్పు చేశానని చెప్పడానికొచ్చావా, పోనీలే అనిపించుకోవడానికొచ్చావా?"

"తప్పు చేశాననే, వదినా."

"అది నాకు ఆ రోజే తెలుసు. తెలియాల్సినవాళ్ళు హాల్లో ఉన్నారు. అక్కడ నోరు పడిపోయిందా నీకు? నిన్న కూరగాయలకి వెళ్తే ఒక పిల్ల తల్లి నన్ను నిద్రమ్మ గారూ అని పిలిచింది. ఎగతాళికి కూడా కాదు. అదే నా పేరనుకుంది."

"వదినా, నేను..."

"చాలా బాగా వేశావు. ఇంక వెళ్ళు." తలుపు నా ముఖం మీదే ధడాలున పడింది.

మూడు నెలలకి కొత్త లెక్కలొచ్చాయి. ఏడో కేంద్రంలో నూటికి తొంభై రెండు. కొత్త టీచరు అందరి దారిలోనే పోయి, పాఠం చెప్పిన పేజీ చదివించింది. డైరెక్టర్ నాకు ఫోన్ చేసి, "చూశారా, మనిషిని మార్చగానే! ఏడో టీచరమ్మ ఆ కుర్చీలోంచి లేచి గంతేస్తున్నట్టు ఒకటి వేసి పెట్టండి" అన్నారు. చచ్చినా వెయ్యనన్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. ఆయన ఇంకెవరిచేతో వేయించుకున్నారు. హాల్లో అది నా బొమ్మ పక్కనే వేలాడుతోంది, వచ్చినవాళ్ళు రెండూ చూసి చప్పట్లు కొడుతున్నారు. అంకెలు మాత్రం నేను రాసిన ఫారంతోనే తీశారు, ఒక్క అక్షరం కూడా మార్చకుండా.