ఆకు పురుగు దిగే దాకా

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో పట్టాను. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది.

హుకుంపేట పైన కొండవాలులో గంగకు చిన్న కాఫీ తోట ఉంది. కిందటేడు నాటిన పిల్ల మొక్కలకు పడమటి ఎండ తగలకుండా కాసేది ఒక్క నల్లమద్ది చెట్టే. ఈ ఏడు ఆ చెట్టుకు ఆకు పురుగు పట్టింది. వారం తిరిగేసరికి పై కొమ్మల్లో కాసిన్ని ఆకులు తప్ప ఈనెలే మిగిలాయి.

మరిది ధర్మ రంపం మిషనువాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అతనికి ఇంటి దూలాలు కావాలి.

"వదినా, సెట్టు సచ్చిపోనాది. కొట్టించేద్దాం."

"సచ్చిందని నీకెవులు సెప్పారు? ఇలా కూకో."

గంగ చెట్టు కింద, విస్తళ్ళు కుట్టే వెడల్పాటి అడ్డాకు ఒకటి పరిచింది. దానిమీద చిటపట చప్పుడు. పైనుంచి పురుగుల రెట్ట రాలుతోంది. ఆ చప్పుడు ఆగిందంటే పురుగు మట్టిలోకి దిగినట్టే, ఆపైన చెట్టు చిగురు వేస్తుంది. ఆ ఊరి ఆడవాళ్ళు అలాగే పోల్చుకుంటారు.

ధర్మ నవ్వాడు. "పురుగు పెంట ఇని వైద్దెం సేత్తావేటి? మా అన్నుంటే..."

"మీ అన్నుంటే ఆ మిసను గెడ్డ నీళ్ళల్లో ఇసిరేసును. నాను కాబట్టి కూకోమంటన్నాను."

ఆమె మొదలుకు ఆనుకుని కూర్చుంది. "మనిసున్న సెట్టు నాను కొయ్యను బాబూ" అని మిషనువాడు దిగిపోయాడు.

మరునాటి నుంచి గంగ అడ్డాకులు కుట్టి, పుల్లలకు కట్టి, ఒక్కో మొక్కకూ గొడుగు పెట్టింది. దారిన పోయేవాళ్ళు మొక్కలకు పెళ్ళా అని నవ్వారు. ఆమె కుట్టడం ఆపలేదు. అయినా పదకొండు మొక్కలు మాడిపోయాయి.

నాలుగోనాడు చప్పుడు ఆగింది. పురుగులు దారాలు వదులుతూ దిగి ఎండుటాకుల కింద దూరాయి. వాన పడింది. ఇరవై రోజులకు చెట్టు ఎర్రగా చిగిర్చింది. మట్టిలోంచి వచ్చిన గోధుమరంగు సీతాకోకలు ఆ లేత ఆకుల మీదే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

ధర్మ మళ్ళీ వచ్చాడు. "సూసినావా, మల్లీ తినేత్తాయి. ఈసారైనా నా మాటిను."

"తిననీ. పురుగు ఆకే తింటాది. నువ్వు సెట్టు మొదలే అడిగినావు" అంది గంగ.

కొర్రా సోములమ్మ, అరవై నాలుగేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది పాడేరు.